థ్రాటిలా, రెండో జాయ్‌స్టిక్కా: అంతరిక్ష ఆటలకు ఏది కొనాలి?

కంప్యూటర్ బల్ల మీద ఎడమవైపు థ్రాటిల్ (వేగం మార్చే మీట), కుడివైపు జాయ్‌స్టిక్ అమర్చుకున్న రోజున మా అమ్మ వచ్చి రెండింటినీ కాసేపు చూసి, "ఇదేమిటి నాన్నా, ఇంట్లోనే బస్సు నడుపుతావా?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, కంట్రోలర్ కొనేవాళ్లు మొట్టమొదట వేసుకోవాల్సిన ప్రశ్న అదే అనిపించింది. మనం నడపబోయేది ఏమిటి?

బస్సుకు స్టీరింగు, వేగం ఉంటే చాలు. విమానానికి నాలుగు కావాలి: ముక్కు ఎత్తడం దించడం, రెక్కలు వాల్చడం, ముక్కు పక్కకు తిప్పడం, ఇంజను వేగం. అంతరిక్ష నౌకకు ఆరు కావాలి. తిరగడానికి మూడు, విమానానికి చెప్పిన మొదటి మూడే: పిచ్, రోల్, యా. ముక్కు తిప్పకుండానే నౌక మొత్తాన్ని జరపడానికి ఇంకో మూడు: ముందుకు వెనక్కు, కుడికి ఎడమకు, పైకి కిందికి. ఈ చివరి మూడింటి సంగతి ఆలోచించకుండా కొన్నవాళ్లే నెల తిరగక ముందే "మళ్లీ ఏది కొనమంటారు" అని అడుగుతుంటారు. మా ఆఫీసులో అలాంటివాళ్లు ఇద్దరున్నారు.

నిజమైన వ్యోమనౌకల్లో ఈ లెక్క చాలా కాలం కిందటే తేలిపోయింది. అపోలో ప్రధాన నౌకలో ఎడమచేతికి నౌకను జరిపే పిడి, కుడిచేతికి నౌకను తిప్పే పిడి ఉండేవి. మన నిజాం కాలేజీలో చదువుకున్న రాకేశ్ శర్మ 1984లో వెళ్లిన సోయజ్‌లోనూ అదే పద్ధతి. విమానంలోలాగా తోసి వదిలేస్తే అక్కడే ఆగే థ్రాటిల్ మీట వాటిలో లేదు. అయినా దుకాణంలో మనకు ఎదురయ్యేవి ఎక్కువగా జాయ్‌స్టిక్, థ్రాటిల్ కలిసిన సెట్లే, వీటినే హోటాస్ అంటారు. వాటిని యుద్ధవిమానాల ఆటల కోసం తయారు చేశారు, అంతరిక్ష ఆటలవాళ్లు అరువు తెచ్చుకున్నారు. అరువు సొమ్ము అయినంత మాత్రాన పనికిరాదని కాదు. కొన్ని ఆటలకు అదే మేలు. ఏ ఆటకు ఏది అన్నదే ఇక్కడి చిక్కు.

కొనేముందు చూడాల్సినవి

అన్నిటికంటే ముందు యాక్సిస్‌లు లెక్కపెట్టండి, బటన్లు కాదు. పెట్టె మీద "14 బటన్లు" అని పెద్దక్షరాల్లో రాస్తారు. బటన్ అంటే నొక్కితే పూర్తి, వదిలితే సున్నా. యాక్సిస్ అంటే కొంచెం తోస్తే కొంచెం, ఎక్కువ తోస్తే ఎక్కువ. తిరుగుతున్న అంతరిక్ష కేంద్రం ద్వారంలోకి నౌకను దూర్చేటప్పుడు పక్కకు జానెడు జరగాలంటే, బటన్ నొక్కితే బారెడు జరుగుతుంది.

రెండోది ఎడమచేతి స్వభావం. థ్రాటిల్‌ను ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. జాయ్‌స్టిక్‌ను వదిలితే స్ప్రింగు లాగి మధ్యకు తెచ్చేస్తుంది. ఈ ఒక్క తేడా ఆట మొత్తాన్ని మార్చేస్తుంది. దీని గురించి కింద వివరంగా చెబుతాను.

మూడోది సెన్సర్. చవక పరికరాల్లో పొటెన్షియోమీటర్ ఉంటుంది. లోపల ఒక ముల్లు పట్టీ మీద రాసుకుంటూ తిరుగుతుంది కాబట్టి అరుగుతుంది, దుమ్ము పడితే వణుకుతుంది. హాల్ సెన్సర్‌లో అయస్కాంతం పనిచేస్తుంది, రాపిడి ఉండదు. కిటికీ అవతలే కొత్త అపార్టుమెంట్లు లేస్తున్న నిజాంపేట, కొండాపూర్ లాంటి చోట్ల ఉండేవాళ్లకు దుమ్ము గురించి నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

నాలుగోది మీ బల్ల, కుర్చీ. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ సగం నిరాశలు ఇక్కడే పుడతాయి. ఐదోది ఆడే యంత్రం. పీసీ అయితే ఏదైనా పనిచేస్తుంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ మాత్రం తమ కోసం తయారైనవాటినే ఒప్పుకుంటాయి.

| ఎంపిక | యాక్సిస్‌లు | ఎడమచేతి పని | చోటు | ఎవరికి |
|---|---|---|---|---|
| ఒంటి జాయ్‌స్టిక్: లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో | 4 | కీబోర్డు | తక్కువ | రుచి చూడాలనుకునేవారికి |
| థ్రస్ట్‌మాస్టర్ టి.ఫ్లైట్ హోటాస్ 4, హోటాస్ వన్ | 5 | థ్రాటిల్ | మధ్యస్థం | కన్సోల్ ఉన్నవారికి |
| టి.16000ఎం ఎఫ్‌సీఎస్ హోటాస్ సెట్ | 9 | థ్రాటిల్, దాని మీద బుల్లి స్టిక్ | ఎక్కువ | పీసీలో ఎక్కువమందికి |
| టి.16000ఎం జాయ్‌స్టిక్‌ల జత | 8, అందులో 2 అడుగున ఉండే స్లైడర్లు | రెండో జాయ్‌స్టిక్ | మధ్యస్థం | పోరాటాలు ఇష్టపడేవారికి |
| హోటాస్ వార్‌థాగ్ | స్టిక్‌లో 2 మాత్రమే, మిగతావి థ్రాటిల్‌లో | జంట థ్రాటిల్ | చాలా ఎక్కువ | యుద్ధవిమానాల ఆటలు కూడా ఆడేవారికి |

ఒంటి జాయ్‌స్టిక్

ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రోలో పిడిని మెలితిప్పితే యా వస్తుంది, అడుగున చిన్న స్లైడర్‌తో వేగం మారుతుంది. అలా నాలుగు తీరాయి. మిగిలిన రెండు, అంటే పక్కలకు, పైకి కిందికి జరగడం, బొటనవేలి కింద ఉండే హ్యాట్ స్విచ్‌కు ఇవ్వాలి. అది బటన్ లాంటిదే కాబట్టి సున్నితం ఉండదు. పిడిని కుడిచేతి కోసమే మలిచారు, ఎడమచేతి వాటం వాళ్లు దీన్ని మరచిపోవచ్చు. ఈ రకం ఆట తనకు నచ్చుతుందో లేదో తెలియనివారికి, ఇంటర్ చదివే పిల్లవాడికి కొనిచ్చేవారికి ఇంతకు మించి అవసరం లేదు. ఎడమచెయ్యి కీబోర్డు మీద ఉంటుంది కనుక మెనూలు, మ్యాపులు కూడా హాయిగా నడుస్తాయి.

కన్సోల్ సెట్లు

హోటాస్ 4 ప్లేస్టేషన్‌కు, హోటాస్ వన్ ఎక్స్‌బాక్స్‌కు. రెండూ పీసీకి పనికొస్తాయి కానీ ఒకదాని కన్సోల్‌కు ఇంకొకటి పనికిరాదు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పెట్టె మీది గుర్తు చూసుకోకుండా డబ్బు కట్టకండి. థ్రాటిల్ వెనక వేళ్లతో ఊపే ఒక తెడ్డు ఉంటుంది. దాంతో ఐదో యాక్సిస్ వస్తుంది. థ్రాటిల్ నడిమధ్యలో చిన్న గాడి తగులుతుంది. ముందుకు, వెనక్కు రెండు వైపులా నడిపే ఆటల్లో సున్నా ఎక్కడుందో చూడకుండానే చేతికి తెలుస్తుంది. ఖరీదైన సెట్లు కొన్నింటిలో ఈ సదుపాయం లేదు.

కన్సోల్‌లో ఆడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎలీట్ డేంజరస్ కన్సోల్ రూపాన్ని ముందుకు తీసుకెళ్లడం 2022 మార్చిలో ఆపేశారు. ఆ ఒక్క ఆట కోసమే అయితే పీసీ వైపు చూడండి. స్టార్ వార్స్ స్క్వాడ్రన్స్ మాత్రం కన్సోల్‌లోనూ ఈ సెట్లతో బాగా ఆడుతుంది.

టి.16000ఎం, టీడబ్ల్యూసీఎస్ థ్రాటిల్

ఎవరైనా నన్ను నిద్రలో లేపి అడిగినా ఈ సెట్ పేరే చెబుతాను, అదీ అందం చూసి కాదు. థ్రాటిల్ మీద బొటనవేలు ఆనే చోట ఒక బుల్లి స్టిక్ ఉంది. పక్కలకు జరగడం, పైకి కిందికి జరగడం ఆ ఒక్కదానితో అయిపోతాయి. మీటతో ముందుకు వెనక్కు, కుడిచేతితో తిరగడం మూడూ. ఆరు కదలికలకు ఆరు యాక్సిస్‌లు, చెయ్యి ఎక్కడా తీయనక్కర్లేదు. జాయ్‌స్టిక్‌లో ప్రధాన కదలికలు రెండింటికీ హాల్ సెన్సర్ ఉంది.

లోపాలూ ఉన్నాయి. మెలితిప్పే కదలికకు మాత్రం పొటెన్షియోమీటరే పెట్టారు, కొంతకాలానికి అది వణకడం మామూలే. థ్రాటిల్ మీట పట్టాల మీద జారుతుంది. వాటికి రాసిన గ్రీజు చిక్కబడితే మీట కదలకుండా పట్టి, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. పాత గ్రీజు తుడిచి ప్లాస్టిక్‌కు పనికొచ్చే లూబ్రికెంట్ పూస్తే తీరిపోతుంది, కానీ కొత్త వస్తువు విప్పడానికి అందరికీ మనసొప్పదు. మీట ఎంత బిగువుగా కదలాలో అడుగున ఉన్న స్క్రూతో సరిచేసుకోవచ్చు.

దీనికి పై మెట్టు లాజిటెక్ ఎక్స్56. జంట థ్రాటిల్, బుల్లి స్టిక్‌లు, రంగుల దీపాలు. అంతరిక్ష ఆటల్లో జంట ఇంజన్లను విడివిడిగా నడిపే పని దాదాపు రాదు, రెండు మీటలను కలిపి బిగించేసుకుంటాం. ఆ మేరకు డబ్బు దండగ. విమానాల ఆటలు కూడా ఆడేవారైతే లెక్క వేరు.

రెండు జాయ్‌స్టిక్‌లు

ఇది సోయజ్ పద్ధతి. ఎడమచేతి స్టిక్‌తో జరగడం, కుడిచేతి స్టిక్‌తో తిరగడం. టి.16000ఎం పిడి ముక్కలను విప్పి ఎడమచేతికి మార్చుకోవచ్చు, జతగా అమ్మే పెట్టె కూడా ఉంది. ఇంకాస్త పెట్టగలిగితే వీకేబీ గ్లాడియేటర్ ఎన్ఎక్స్‌టీ ఈవో దొరుకుతుంది. కుడిచేతికి, ఎడమచేతికి విడివిడిగా తయారు చేస్తారు, స్ప్రింగులు మార్చుకోవచ్చు, సెన్సర్లకు రాపిడి లేదు. చేతికి తెలిసే తేడా పెద్దది. దాని సాఫ్ట్‌వేర్ చూస్తే మాత్రం ఇంజినీరింగ్ ల్యాబ్ పరీక్ష గుర్తొస్తుంది. మొదటి నెలలో దాని జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఇప్పుడు అసలు తగువు. స్టార్ సిటిజన్ ఆటలో పోరాటం అంటే శత్రువు చుట్టూ గిరికీలు కొడుతూ, ముక్కు అతని మీదే ఉంచి పక్కకు, కిందికి, వెనక్కు జారడం. దిశ క్షణానికోసారి మారుతుంది. వదలగానే సున్నాకు వచ్చే స్ప్రింగు స్టిక్ అక్కడ వరం. థ్రాటిల్‌తో అయితే ముందు నుంచి వెనక్కు రావాలంటే చెయ్యంతా లాగాలి, సున్నా ఎక్కడ దాటిందో కూడా తెలియదు.

ఎలీట్‌లో పరిస్థితి తలకిందులు. అక్కడ వేగం సగం దగ్గర ఉన్నప్పుడే నౌక చురుగ్గా తిరుగుతుంది. తెర మీద ఆ భాగం నీలంగా కనిపిస్తుంది. దూరప్రయాణంలో గమ్యం ఏడు సెకన్ల దూరంలో ఉండగా వేగాన్ని 75 శాతానికి దించితే నౌక దానంతటదే సరిగ్గా నెమ్మదిస్తుంది. రెండింటికీ కావాల్సింది ఒకటే, పెట్టిన చోట నిలిచే మీట. ఆ ఆటలోని ఆల్ఫా సెంటారీలో హటన్ ఆర్బిటల్ అనే కేంద్రం ఉంది, నౌక వచ్చి దిగే నక్షత్రం నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరం. మామూలు ఇంజనుతో చేరడానికి గంటకు పైగా పడుతుంది. గంటసేపు స్ప్రింగు స్టిక్‌ను ముందుకు తోసి పట్టుకోవడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. వేగాన్ని ఒక బటన్‌తో 100 శాతానికో 75 శాతానికో కట్టేసుకునే ఏర్పాటు ఆటలోనే ఉంది కనుక రెండు స్టిక్‌లవాళ్లూ బతుకుతారు. కాకపోతే అది సర్దుబాటు.

నా మాట అడిగితే: సరుకు రవాణా, గనులు, అన్వేషణ మీ ఆట అయితే థ్రాటిల్. పోరాటమే మీ ఆట అయితే రెండు స్టిక్‌లు. ఎక్స్4 లాంటి వ్యాపార సామ్రాజ్యాల ఆట అయితే సగం సమయం మ్యాపు మీదే గడుస్తుంది, మౌసుకు చెయ్యి త్వరగా చేరాలి. అక్కడ ఒంటి జాయ్‌స్టిక్‌కే నా ఓటు.

వార్‌థాగ్ మోజు

ఏ-10 యుద్ధవిమానం పిడులకు నకలు, లోహపు బరువు, చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. కానీ స్టిక్‌కు మెలితిప్పే కదలిక లేదు. యా కోసం కాళ్ల కింద పెడల్స్ వేరే కొనాలి. అంతరిక్ష ఆటలకే అయితే ఇంత డబ్బు పెట్టి ఒక యాక్సిస్ పోగొట్టుకోవడం నాకు అర్థం కాదు.

బల్ల, కుర్చీ

పెట్టె విప్పగానే ఆట తెరవకండి. కుర్చీలో కూర్చుని, మోచెయ్యి లంబకోణంలో వంగేలా ఉంచి, అరచెయ్యి ఎక్కడికి వస్తుందో చూడండి. పిడి అక్కడ ఉండాలి. మామూలు బల్ల మీద పెడితే పిడి భుజం ఎత్తుకు వచ్చేస్తుంది, అరగంటకే మెడ దగ్గర పట్టేస్తుంది. చాలామంది దీన్ని జాయ్‌స్టిక్ తప్పనుకుంటారు.

నేను చేసింది చెబుతాను. పగలు అదే బల్ల మీద ఆఫీసు పని, రాత్రి తొమ్మిదికి ఆట. శాశ్వతంగా బిగించే వీలు లేదు. మా వీధిలో వడ్రంగి దగ్గర మిగిలిన ప్లైవుడ్ ముక్కలు రెండు, ఒక్కొక్కటి పరికరం అడుగుకంటే నాలుగు వేళ్లు వెడల్పుగా కోయించాను. రాణిగంజ్‌లో రెండు సి-క్లాంపులు తెచ్చాను. పలకను బల్ల అంచు కిందివైపు బిగిస్తే పరికరం బల్లకంటే దిగువన, తొడల పక్కన ఉంటుంది. పలకకు, పరికరానికి మధ్య వెల్క్రో పట్టీ. సన్‌మైకా మీద రబ్బరు కాళ్లు ఏప్రిల్, మే నెలల్లో చెమటకు జారిపోతాయి. వంటింటి అరల్లో పరిచే రబ్బరు మ్యాటు ముక్క వేస్తే ఆగుతాయి. రాత్రి ముగిశాక క్లాంపులు విప్పి అటక మీద పెట్టడానికి రెండు నిమిషాలు.

యాక్సిస్‌లు సర్దుకోవడం

విండోస్‌లో రన్ పెట్టెలో జాయ్.సీపీఎల్ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే పరీక్ష తెర వస్తుంది. చెయ్యి తీసేసి చూడండి. గుర్తు కదలకుండా ఉంటే డెడ్‌జోన్ (మధ్యలో ఆట పట్టించుకోని కొద్దిపాటి కదలిక) దాదాపు సున్నా పెట్టుకోవచ్చు. వణుకుతుంటే ఆ వణుకును మింగేంత మాత్రమే పెంచండి. మెలితిప్పే యాక్సిస్‌కు మాత్రం కాస్త ఎక్కువ ఇవ్వాలి. ఎందుకంటే స్టిక్‌ను వెనక్కు లాగినప్పుడు మణికట్టు మనకు తెలియకుండానే కొంచెం తిరుగుతుంది. గురి పదే పదే పక్కకు పోతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఆ తర్వాతే కర్వ్: మధ్యలో నెమ్మదిగా, చివర్లో వేగంగా స్పందించేలా వంచితే గురి కుదురుతుంది. మొదటి వారం దాన్ని కదపకండి, చెయ్యి అలవాటు పడకముందే కర్వ్ మారిస్తే ఏది మన తప్పో ఏది దాని తప్పో తేలదు.

ఎలీట్‌లో థ్రాటిల్ పరిధికి రెండు అమరికలున్నాయి. మీట మొత్తం ముందుకే పనిచేయడం ఒకటి, మధ్యలో సున్నా ఉంచి వెనకభాగం రివర్సుకు పనిచేయడం రెండోది. టీడబ్ల్యూసీఎస్‌లో మధ్యన గాడి లేదు కాబట్టి నేను మొదటిదే పెట్టుకుని, రివర్సుకు ఒక బటన్ ఇచ్చాను.

బటన్ల విషయంలో నాదొక్కటే నియమం. బొటనవేలు బుల్లి స్టిక్ మీద ఉన్నప్పుడు నొక్కాల్సి వచ్చేదేదీ ఆ బొటనవేలికే ఇవ్వకూడదు. తూటాలు తప్పించుకోవడానికి పక్కకు జారుతూనే బూస్ట్ నొక్కాలి, కనుక బూస్ట్ చిటికెన వేలికి. ల్యాండింగ్ గేరు, దీపాలు లాంటి తీరిక పనులు అడుగున ఉన్న బటన్లకు.

అంతా అయ్యాక ఆ అమరికల ఫైలును వేరే ఫోల్డర్‌లో దాచుకోండి. ఒకసారి థ్రాటిల్ తీగ పెట్టడం మరిచి ఆట తెరిచాను. పరికరం కనిపించలేదని ఆట నా అమరికలన్నీ పక్కన పెట్టేసింది. రెండు రాత్రుల శ్రమ. రెండు ఒకే రకం స్టిక్‌లున్నవారు ప్రతిసారీ అవే యూఎస్‌బీ రంధ్రాల్లో పెట్టడం మేలు, లేకపోతే ఆటలో కుడి ఎడమలు తారుమారు కావచ్చు. దీపాలున్న థ్రాటిల్ అయితే సొంత కరెంటు ఉన్న హబ్బుకు తగిలించండి.

హైదరాబాద్‌లో కొనడం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో కంప్యూటర్ సామాను దుకాణాలు వరసగా ఉంటాయి. జాయ్‌స్టిక్ అడిగితే ముందు గేమ్‌ప్యాడ్ చూపిస్తారు, ఓపిక పట్టాలి. అక్కడ లేనిది ఆన్‌లైన్‌లోనే. విదేశం నుంచి తెప్పించే స్టిక్‌లకు కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుస్తాయి, పాడైతే తిరిగి పంపడం ఇంకో తలనొప్పి. ఆ మొత్తం కలిపాకే ధర పోల్చండి. పొటెన్షియోమీటర్ వణికితే కోఠి గుజరాతీ గల్లీలో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది. వారంటీ అయిపోయాకే విప్పండి.

పాతవి అమ్మేవారి దగ్గరకు వెళ్తే లాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. కిందటేడాది ఒకాయన మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గరకు సెట్ తీసుకొచ్చాడు. పైకి కొత్తదానిలా మెరుస్తోంది, ధర కూడా సగమే. మెట్ల పక్కన కూర్చుని తీగ పెట్టి పరీక్ష తెర తెరిచాను. స్టిక్ బాగానే ఉంది. పిడిని మెలితిప్పి వదిలితే గీత మధ్యకు రాకుండా కుడివైపే ఆగి, అక్కడే వణుకుతూ ఉండిపోయింది. ఆయన కూడా వంగి చూశాడు. "నేను దాన్నెప్పుడూ వాడలేదండీ" అన్నాడు. ఇంకో వెయ్యి తగ్గించాడు, తీసుకున్నాను. ఎడమచేతికి మార్చి పెట్టుకుంటే అందులో ఆ మెలితిప్పే పనితో నాకు అవసరమే రాలేదు.